ఆమ్ల వర్షం లెక్కలు – 3వ పాఠం: పొగలోంచి వానలోకి

పీహెచ్ (ఆమ్లతను చూపే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) 4 ఉన్న వాననీరు ఒక లీటరు, పీహెచ్ 6 ఉన్నది ఒక లీటరు కలిపితే పీహెచ్ ఎంత? పోయిన పాఠం చివర అడిగిన ఈ లెక్కకు చాలామంది 5 అని రాశారు. రెండూ కూడి సగం చేసేశారన్నమాట. జవాబు 4.3. ఇది తేలకుండా ముందుకెళ్లి లాభం లేదు.

పీహెచ్ ఒక అంకె తగ్గితే ఆమ్లతకు కారణమైన హైడ్రోజన్ అయాన్లు పది రెట్లవుతాయి, రెండు తగ్గితే వంద రెట్లు. 6 ఉన్న లీటరులో ఒక పాలు ఉన్నాయనుకోండి, 4 ఉన్నదాంట్లో వంద పాళ్లు. మొత్తం 101, రెండు లీటర్లకు. లీటరుకు యాభై చిల్లర, అంటే మొదటి దాంట్లో సగం. సగమైతే పీహెచ్ పెరిగేది 0.3 మాత్రమే. రెండో లీటరు ఉత్త నీళ్లు పోసినట్టే పనిచేసింది! కూడాల్సింది అయాన్లను, పీహెచ్‌లను కాదు. వారం రోజుల వాన రీడింగులకు సగటు కట్టేటప్పుడూ ఇంతే. పైగా అక్కడ ఏ రోజు ఎంత వాన పడిందో కూడా లెక్కలోకి రావాలి.

నేను లాగరిథమ్ పట్టిక తెరవను. రెట్టింపైతే 0.3 తీసేయడం, సగమైతే 0.3 కలపడం, పది రెట్లైతే 1 తీసేయడం. వాననీటికి ఈ మూడూ చాలు.

ఇక పొగ సంగతి. బొగ్గులోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, ఇంజిన్ల వేడికి గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. ఇవి మీకు తెలిసినవే. అయితే సల్ఫర్ డయాక్సైడ్ నీళ్లలో కరగ్గానే సల్ఫ్యూరిక్ ఆమ్లం రాదు. దానికి ఇంకో ఆక్సిజన్ అందాలి. మబ్బు బిందువుల్లో దాన్ని ఎక్కువగా హైడ్రోజన్ పెరాక్సైడ్ అందిస్తుంది. బిందువుల బయట హైడ్రాక్సిల్ రాడికల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ ఉన్న, చురుగ్గా చర్య జరిపే ముక్క) ఆ పని మొదలుపెడుతుంది, అది పుట్టడానికి ఎండ కావాలి. ఇదంతా జరిగేసరికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఆలోగా గాలి దాన్ని వందల కిలోమీటర్లు లాక్కుపోతుంది. బ్రిటన్ పొగ నార్వే, స్వీడన్ చెరువుల్లో చేపల్ని చంపింది ఇలాగే. కెనడాలోని సడ్బరీలో 1972 నుంచి పనిచేసిన 381 మీటర్ల చిమ్నీ ఊరి గాలిని తేటపరిచింది గానీ, గంధకాన్ని దూరాలకు పంపింది.

మచ్చుకు పోల్చుకోవడానికి: కాలుష్యం లేని వాన కూడా కార్బన్ డయాక్సైడ్ వల్ల 5.6 దగ్గర ఉంటుంది. స్వచ్ఛమైన నీటి 7తో పోల్చకండి.

అభ్యాసం ఒక్కటే, కాస్త గట్టిది. 1 శాతం గంధకం ఉన్న బొగ్గు 1000 టన్నులు కాల్చారు. గంధకమంతా సల్ఫ్యూరిక్ ఆమ్లమై 10 మిల్లీమీటర్ల వానలో దిగింది. ఎన్ని చదరపు కిలోమీటర్ల వాన 4.3కి చేరుతుంది? గంధకం పరమాణు భారం 32, ఆమ్లం అణు భారం 98. చదరపు కిలోమీటరుకు ఆ వాన కోటి లీటర్లు. మామూలు వానలో ముందే ఉన్న ఆమ్లతను వదిలేయండి. జవాబు వెయ్యి దాటకపోతే, ఒక్కో ఆమ్ల అణువు రెండు హైడ్రోజన్ అయాన్లు వదులుతుందన్నది మరిచిపోయారేమో చూసుకోండి.