ఆలోచనా పక్షపాతాలను డిజైన్‌లో బాధ్యతగా వాడుకోవడం ఎలా

హైదరాబాద్ నుంచి విజయవాడకు ఆన్‌లైన్‌లో బస్సు టికెట్ తీసుకునే మనిషి కొద్ది నిమిషాల్లోనే చాలా నిర్ణయాలు తీసుకుంటాడు: ఏ బస్సు, ఏ సీటు, ప్రయాణ బీమా కావాలా వద్దా, డబ్బు ఎలా కట్టాలి. వీటిలో చాలావాటిని అతడు తూచి చూడడు. ముందే టిక్ పెట్టి ఉన్నదాన్ని అలాగే వదిలేస్తాడు, మొదట కంటబడిన ధరతో తక్కిన ధరలను పోల్చుకుంటాడు, ‘రెండే సీట్లు మిగిలాయి’ అన్న ఎర్రని అక్షరాలు చూసి తొందరపడతాడు. ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. తక్కువ సమయంలో, అరకొర సమాచారంతో నిర్ణయించవలసి వచ్చినప్పుడు ఎవరి మనసైనా పట్టే అడ్డదారులు ఇవి. వీటి వల్ల మన అంచనాలు ఒకే తీరుగా పక్కకు జరుగుతాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసంలో చూపించారు. ఆలోచనా పక్షపాతాలు, అంటే కాగ్నిటివ్ బయాస్‌లు, అన్న మాట అక్కడి నుంచే డిజైనర్ల దాకా వచ్చింది.

తెర మీద ఏదో ఒకటి ముందు కనిపించక తప్పదు, ప్రతి గడీ ఖాళీగానో టిక్‌తోనో ఉండక తప్పదు. కాబట్టి పక్షపాతాల జోలికి పోని డిజైన్ అంటూ ఉండదు. ఉన్న ప్రశ్నల్లా ఆ మొగ్గు ఎవరికి మేలు చేస్తోందన్నదే.

నిర్ణయాలను ఒక్కొక్కటిగా రాసుకోవడం

పక్షపాతాల జాబితా ముందు పెట్టుకుని ‘దేన్ని ఎక్కడ ఇరికించవచ్చు’ అని వెతుక్కుంటూ పోవడం నాకు సమ్మతం కాదు. ఆ దారిన పోతే అమ్మకాల లెక్క తప్ప మరొకటి కంటికి ఆనదు. వినియోగదారు మొదటి నుంచి చివరి దాకా తీసుకునే నిర్ణయాలను వరుసగా రాసి, ఒక్కొక్కదాని ఎదుట మూడు సంగతులు నమోదు చేయాలి: తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే ఆ మనిషి ఏది కోరుకుంటాడు, హడావుడిలో ఎటు మొగ్గుతాడు, ఆ మొగ్గు వల్ల సంస్థకు ఎంత వస్తుంది. మొదటి రెండూ ఒకే వైపు ఉన్నచోట డిజైనరు చేయవలసింది పెద్దగా ఉండదు. అవి ఎదురెదురుగా ఉండి, మూడో గడిలో పెద్ద అంకె కనిపించిన చోట పని ఆపి చర్చించాలి. మొదటి గడి నింపడానికి మన ఊహ చాలదు, కస్టమర్ కేర్‌కు వచ్చే ఫోన్లు వినాలి. ‘నాకు తెలియకుండా డబ్బు కట్ అయింది’ అన్న మాట ఏ తెర గురించి పదేపదే వస్తోందో, ముందుగా చూడవలసిన తెర అదే.

ముందే ఎంపికై ఉన్నది

అన్ని పక్షపాతాల్లోనూ డిఫాల్ట్‌కు, అంటే మనం ఏమీ మార్చకపోతే వర్తించే ఎంపికకు, ఉన్న బలం మరి దేనికీ లేదని నా అభిప్రాయం. అవయవదానానికి సమ్మతి ఉన్నట్టు లెక్కకు వచ్చేవారి నిష్పత్తి ఆస్ట్రియాలో 99.98 శాతం, పక్కనే ఉన్న జర్మనీలో 12 శాతం అని ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ 2003లో రాశారు. ఆస్ట్రియాలో వద్దన్నవారు ఆ సంగతి నమోదు చేయాలి, జర్మనీలో కావాలన్నవారు నమోదు చేయాలి. ఇంత తేడాకు ప్రధాన కారణం అదే. అయితే సమ్మతి ఉన్నంత మాత్రాన మార్పిడి జరిగిపోదు, దానికి ఆసుపత్రులు, సమన్వయకర్తలు, కుటుంబసభ్యుల అంగీకారం కూడా కావాలి. డిఫాల్ట్ వల్ల నమోదు పెరిగితే ఫలితం కూడా అంతే పెరిగిందని అనుకోవడం మన ఉత్పత్తుల్లోనూ తరచుగా జరిగే పొరపాటు.

ఈ జడత్వాన్ని మనిషి మేలుకే వాడిన పథకం ఒకటి ఉంది. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్‌జీ 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఇప్పటికిప్పుడు పొదుపు పెంచుకోమంటే కుదరదన్న ఉద్యోగులను ‘ఇక మీదట జీతం పెరిగినప్పుడల్లా అందులో కొంత పొదుపుకు వెళ్లేలా ఇప్పుడే ఒప్పుకుంటారా’ అని అడిగారు. అడిగినవారిలో ఎక్కువమంది ఒప్పుకున్నారు. 40 నెలల్లో వారి సగటు పొదుపు జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. ఖర్చు ఎప్పుడో తరువాత కాబట్టి ఒప్పుకోవడం సులువైంది, చేతికందే జీతం ఏనాడూ తగ్గలేదు కాబట్టి నష్టపోయామన్న బాధ కలగలేదు, ఒకసారి మొదలయ్యాక ఎవరూ కదిలించలేదు. పైగా ఎప్పుడు మానేయాలన్నా మానేయవచ్చు.

మ్యూచువల్ ఫండ్ యాప్‌లో టాప్‌అప్ సిప్, అంటే నెలనెలా పెట్టే మొత్తం ఎప్పటికప్పుడు పెరిగే పెట్టుబడి, పెట్టాలనుకునేవారు ఈ మూడు మెట్లనూ యథాతథంగా వాడుకోవచ్చు. ‘మీకు జీతం ఏ నెలలో పెరుగుతుంది?’ అని ముందు అడిగి, ‘ఆ నెల నుంచి మీ సిప్ 2,000 నుంచి 2,200 రూపాయలు అవుతుంది, వారం ముందు మీకు మెసేజ్ వస్తుంది, వద్దనుకుంటే అందులోనే ఆపవచ్చు’ అని అదే తెర మీద రాయాలి. ఆ తరువాత ఖాతా నుంచి డబ్బు దానంతటదే వెళ్లేలా ఆటోపే అనుమతి అడిగేటప్పుడు గరిష్ఠ పరిమితిని 15,000 రూపాయలని పెట్టి వదిలేయకూడదు. 2,000 రూపాయల సిప్‌కు అంత పెద్ద అంకె చూసినవారు భయపడి వెనక్కి వెళతారు, లేదా చదవకుండానే పిన్ నొక్కుతారు. రెండూ మంచివి కావు. రాబోయే కొన్నేళ్ల పెంపుదలకు సరిపడే పరిమితి పెట్టి, దానికి కారణం ఒక వాక్యంలో చెప్పాలి.

వినియోగదారు జేబులోంచి అదనంగా డబ్బు తీసే ఏ గడికీ ముందే టిక్ ఉండకూడదు. బస్సు టికెట్‌లో బీమాకైనా, విరాళానికైనా ఇదే వర్తిస్తుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలు 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను, అంటే వినియోగదారును తప్పుదారి పట్టించే డిజైన్ పద్ధతులను, గుర్తించాయి, అడగకుండా బుట్టలో వస్తువు చేర్చడం వాటిలో ఒకటి. డిజైన్ బృందంలో ప్రతి ఒక్కరూ ఆ పదమూడింటినీ ఒకసారి చదవడం అవసరం.

నష్టభయం, తొందర

వంద రూపాయలు దొరికిన సంతోషం కంటే వంద రూపాయలు పోయిన బాధ ఎక్కువ అన్నది కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతంలో కీలకాంశం. ‘రెండే సీట్లు’ అన్న హెచ్చరిక పనిచేసేది దీనివల్లే. సంక్రాంతికి నిజంగానే సీట్లు ఉండవు, ఆ సంగతి చెప్పకపోతే ప్రయాణికుడికే నష్టం. కాని చెప్పే అంకె సర్వర్ నుంచి అప్పటికప్పుడు వచ్చినదై ఉండాలి, ఆ రెండు సీట్లు బస్సు మొత్తంలోనా లేక మన సైట్‌కు ఇచ్చిన కోటాలోనా అన్నది స్పష్టంగా ఉండాలి. సీటు పట్టి ఉంచే గడువును చూపే టైమర్ పేజీ మళ్లీ తెరిచినంత మాత్రాన మొదటికి వస్తోందంటే, అది అబద్ధం చెబుతున్నట్టే.

ఇదే నష్టభయాన్ని మనిషిని కాపాడడానికి వాడవచ్చు. టికెట్ రద్దు చేసే తెర మీద ‘రాత్రి 8 లోపు రద్దు చేస్తే 420 రూపాయలు తిరిగి వస్తాయి, ఆ తరువాత 210 మాత్రమే’ అని రాస్తే ఆ తొందర అతడికే పనికొస్తుంది. యూపీఐ మోసాలలో ‘మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ నొక్కండి’ అని తొందరపెట్టడం మామూలు. అక్కడ ‘కొనసాగించండి’ అన్న బటన్ బదులు ‘పిన్ నొక్కితే మీ ఖాతా నుంచి 2,000 రూపాయలు పోతాయి’ అని పెద్ద అక్షరాల్లో, అంకెతో సహా చెప్పడం మేలు. నెమ్మదింపజేయడం కూడా డిజైన్‌లో భాగమే. వేగమే సేవ అన్న నమ్మకం డబ్బు వ్యవహారాల్లో చాలా చేటు చేస్తుంది.

వద్దనే బటన్ మీద ‘నా కుటుంబ భద్రత నాకు అక్కర్లేదు’ వంటి మాటలు రాయడం మాత్రం ఏ సందర్భంలోనూ తగదు.

ధర, నలుగురి పోకడ

మొదట విన్న అంకె దగ్గర మనసు లంగరు వేసుకుంటుంది. జాబితాలో 699 చూపి, చివరి తెరలో పన్నులు, రుసుములు కలిపి 812 చేయడం ఆ లంగరును దుర్వినియోగం చేయడమే. మొత్తం ధరను మొదటే చూపాలి. అప్పుల విషయంలో నెలసరి వాయిదాతో పాటు వార్షిక వ్యయ శాతాన్ని కూడా ముందే చెప్పాలని రిజర్వు బ్యాంకు 2022 నాటి డిజిటల్ రుణ మార్గదర్శకాలు ఆదేశించాయి.

నలుగురితో నారాయణ అన్న ధోరణిని వాడేటప్పుడు మరో జాగ్రత్త ఉంది. కాలిఫోర్నియాలో శాన్ మార్కోస్ అనే పట్టణంలో ఇంటింటికీ ఇరుగుపొరుగు సగటు విద్యుత్ వాడకం తెలియజేసినప్పుడు, ఎక్కువ వాడేవారు తగ్గించారు గాని, తక్కువ వాడేవారు సగటు వైపు పెంచుకున్నారు. వారి కాగితం మీద మెచ్చుకోలుగా ఒక నవ్వు ముఖం బొమ్మ చేర్చగానే ఆ పెరుగుదల ఆగింది. 2007లో వెలువడిన ఈ అధ్యయనం తెలిసినవారు సగటును ఒంటరిగా చూపరు.

వెళ్లే దారి, పరీక్ష

చేరడానికి రెండు నొక్కులు చాలినప్పుడు మానేయడానికీ అంతే చాలాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ దాదాపు అంతే సులువుగా ఉండాలంటోంది. ఆ కొలతను చందాలకు కూడా పాటించడం ఉత్తమం. అమెరికాలో ప్రైమ్ చందాలో చేర్చుకునే తీరు, మాన్పించే తీరుపై ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో వేసిన దావాను పరిష్కరించుకోవడానికి 2025లో అమెజాన్ 250 కోట్ల డాలర్లకు ఒప్పుకోవలసి వచ్చింది.

ప్రసిద్ధ ప్రయోగాలను గుడ్డిగా నమ్మకూడదు. 24 రకాల జామ్‌లు పెట్టినచోట ఆగినవారిలో 3 శాతం మంది, 6 రకాలే పెట్టినచోట ఆగినవారిలో 30 శాతం మంది కొన్నారన్న 2000 నాటి ఫలితాన్ని అందరూ చెబుతారు. అటువంటి అధ్యయనాలన్నిటినీ కలిపి 2010లో పరిశీలించినప్పుడు సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. అందుచేత మన ఉత్పత్తి మీద మనమే పరీక్షించాలి. ఎంతమంది కొన్నారన్న లెక్కతో ఆగకుండా, మూడు నెలల తరువాత ఎంతమంది డబ్బు తిరిగి అడిగారు, ఎంతమంది ఫిర్యాదు చేశారు, ఎంతమంది రెండోసారి వచ్చారు అన్నవి కూడా అదే పట్టికలో చేరాలి.

చివరగా, పరీక్షకు పిలిచేవారిలో ఫోన్‌ను తెలుగులో వాడే పెద్దవారు తప్పక ఉండాలి. ఇంగ్లిష్ తెర మీద సూటిగా ఉన్న అనుమతి, తెలుగు తెర మీదికి వచ్చేసరికి ‘ఆఫర్లు అందకూడదని అనుకోకపోతే టిక్ తీయకండి’ అన్నట్టు మెలికలు తిరగడం తరచుగా జరుగుతుంది. అది కావాలని చేసినా, అజాగ్రత్త వల్ల జరిగినా, చదివేవారికి కలిగే నష్టం ఒకటే. ఆ వాక్యాన్ని వారిచేత పైకి చదివించి, టిక్ పెడితే ఏమవుతుందో చెప్పమని అడగాలి. చెప్పలేకపోతే విడుదలను ఆపి, ‘ఆఫర్లు కావాలంటే టిక్ పెట్టండి’ అని మార్చి, గడిని ఖాళీగా ఉంచి, మరో ఇద్దరిచేత చదివించాలి.