ప్లాను పెంచే ముందు: చిన్న ఆఫీసులో ఇంటర్నెట్‌ను వరుసలో పెట్టడం ఎలా?

విశాఖపట్నం మహారాణిపేటలోని ఒక స్కానింగ్ సెంటర్ వారు తమ నెట్ సంగతి చూడమని పిలిచినప్పుడు, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఒక్క ముక్కలో విషయమంతా చెప్పింది: "పదకొండయ్యేసరికి నెట్ పడుకుంటుంది సార్, మళ్లీ రెండు దాటాకే లేస్తుంది." అప్పటికే వారు 50 ఎంబీపీఎస్ ప్లానును 100కి మార్చుకున్నారు. నెల బిల్లు పెరిగింది గానీ, నెట్ పడుకునే వేళ మాత్రం మారలేదు. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలోనూ, పోర్టు ఏరియా క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసుల్లోనూ, గాజువాక ఆటోనగర్ దుకాణాల్లోనూ నాకు ఎక్కువగా ఎదురైనది ఇదే పరిస్థితి. లైను నిజంగా చాలనిచోట్లు తక్కువ. ఉన్న లైనులో ఏ పని ముందు వెళ్లాలో, ఏది కాసేపు ఆగవచ్చో ఎవరూ నిర్ణయించని చోట్లే ఎక్కువ. ఆ సెంటర్‌నే ఉదాహరణగా పెట్టుకుని, చేయవలసిన పనులను వరుసగా వివరిస్తాను.

1. వారం రోజులు కొలవండి

"నెట్ స్లో" అన్న ఫిర్యాదు ఒక్కదానితో ఏ పనీ మొదలుపెట్టలేము. కౌంటర్ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచి, ఏ గంటకు ఏ కంప్యూటర్‌లో ఏ పని ఆగిందో రాయించండి. రోజుకు మూడుసార్లు, అంటే తెరవగానే, రద్దీ వేళ, మూసేముందు, రూటర్‌కు నేరుగా కేబుల్‌తో కలిపిన కంప్యూటర్ నుంచి స్పీడ్ టెస్ట్ చేసి, డౌన్‌లోడ్‌తోపాటు అప్‌లోడ్ అంకెను కూడా తప్పనిసరిగా రాసుకోండి. అందరూ చూసేది మొదటి అంకెనే, కానీ చిన్న వ్యాపారాల్లో నేను చూసిన చిక్కుముళ్లలో చాలావరకు రెండో అంకెలోనే ఉన్నాయి. స్కానింగ్ సెంటర్‌లో డౌన్‌లోడ్ 95 దాటింది, అప్‌లోడ్ మాత్రం 20 దగ్గరే ఆగింది.

స్పీడ్ టెస్ట్ కన్నా పనికొచ్చే పరీక్ష పింగ్, అంటే ఒక చిరునామాకు చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలవడం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు రెండు పక్కపక్కనే తెరిచి, ఒకదానిలో మీ రూటర్ చిరునామాకు, చాలా రూటర్లలో అది 192.168.1.1 అయి ఉంటుంది, రెండోదానిలో 8.8.8.8 అనే గూగుల్ చిరునామాకు, ఆగకుండా పింగ్ నడవనివ్వండి. కేబుల్ మీద రూటర్ నుంచి జవాబు 1, 2 మిల్లీసెకన్లలో రావాలి. వైఫై మీద అది పదుల్లోకి, వందల్లోకి ఊగుతుంటే లోపం మీ గోడల మధ్యనే ఉంది, కనెక్షన్ ఇచ్చినవారిని ఎంత తిట్టినా లాభం లేదు. మొదటి కిటికీ నిలకడగా ఉండి, రెండోది మాత్రం రద్దీ వేళ ఎగిరిపడుతుంటే మీ లైను మీద క్యూ కడుతోందన్నమాట. రెండూ నిలకడగానే ఉండి ఒక్క వెబ్‌సైటు మాత్రమే మొరాయిస్తుంటే తప్పు అవతలివైపుది. జీఎస్టీ రిటర్నుల ఆఖరి తేదీన పోర్టల్ నెమ్మదించడం అలాంటిదే, దానికి మీ రూటర్‌లో మందు లేదు.

ఆ సెంటర్‌లో టెక్నీషియన్ ఒక సీటీ స్కాన్‌ను సీతమ్మధారలో ఇంటి నుంచి చూసే రేడియాలజిస్టుకు పంపడానికి బటన్ నొక్కగానే, రెండో కిటికీలో 24 మిల్లీసెకన్లుగా ఉన్న అంకె 900 దాటింది. పక్క గదిలో బిల్లు పేజీ తెల్లగా నిలిచిపోయింది. ఫైలు వెళ్లిపోయిన మరుక్షణం అంకె మళ్లీ 24కు దిగింది. వారం రోజుల నోటుపుస్తకం చెప్పినదాన్ని ఆ కిటికీ మూడు నిమిషాల్లో కళ్లకు కట్టింది.

2. క్యూ ఎక్కడ కడుతోందో గ్రహించండి

ఇక్కడ చిన్న లెక్క ఒకటి అవసరం. ప్లానులో చెప్పే ఎంబీపీఎస్ మెగాబిట్ల లెక్క, ఫైళ్ల పరిమాణం మెగాబైట్ల లెక్క, ఒక బైటుకు 8 బిట్లు. కాబట్టి 400 మెగాబైట్ల స్కాన్ అంటే 3200 మెగాబిట్లు, అది 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద వెళ్లడానికి ఎంత తక్కువన్నా 160 సెకన్లు పడుతుంది. ఆ 160 సెకన్లూ స్కాన్ ప్యాకెట్లు, అంటే ఆ ఫైలు ప్రయాణించే చిన్న ముక్కలు, కనెక్షన్‌తో వచ్చిన ఫైబర్ పెట్టెలోని బఫర్‌ను, అంటే వెళ్లాల్సిన డేటా వేచి ఉండే చోటును, నింపేసి కూర్చుంటే, వెనక వచ్చిన బిల్లింగ్ డేటా, అది నాలుగైదు కిలోబైట్లదే అయినా, వాటన్నిటి వెనకే నిలబడాలి. డౌన్‌లోడ్ కూడా కుంటుపడుతుంది, ఎందుకంటే అవతలి నుంచి వచ్చిన డేటా అందిందని మన కంప్యూటర్ తిరిగి చెప్పే చిన్న రసీదులు సైతం అదే అప్‌లోడ్ దారిలో వెళ్లాలి. రసీదు ఆలస్యమైతే పంపేవాడు వేగం తగ్గిస్తాడు. 95 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ ఉండీ పేజీ తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. దీనికి సాంకేతిక వర్గాల్లో బఫర్‌బ్లోట్ అని పేరు.

సింహాచలం చందనోత్సవం నాటి ఏర్పాట్లను చూసినవారికి ఈ సూత్రం కొత్త కాదు. క్యూ మన కంపార్టుమెంట్లలో నిలబడితే ఎవరిని ముందు వదలాలో మనం నిర్ణయించగలం. ఘాట్ రోడ్డు మీద బస్సుల్లో ఇరుక్కుపోతే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఫైబర్ పెట్టెలోని బఫర్ ఆ ఘాట్ రోడ్డు వంటిది.

3. వాడకాన్ని ఎదురుచూపుల లెక్కన విభజించండి

ఎవరి పని గొప్పదన్న ప్రాతిపదికన ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెడితే యజమానిగారి ల్యాప్‌టాప్ మొదటి వరుసలో కూర్చుంటుంది, అందులో క్రికెట్ నడుస్తుంటుంది. ఏ పని ఆగితే ఎదురుగా మనిషి నిలబడి ఉంటాడో, ఆ పని ఎంతసేపు ఆగగలదో చూడాలి.

ఇంటర్నెట్ ఫోన్ కాల్‌కు కావలసిన వేగం బహు స్వల్పం, పాత పద్ధతిలో మాటకు 64 కేబీపీఎస్ (కేబీపీఎస్ అంటే ఎంబీపీఎస్‌లో సుమారు వెయ్యో వంతు), పై హంగులు కలిపితే ఒక్కో దిశలో 90కి అటూ ఇటూ. కానీ ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు మించకూడదని అంతర్జాతీయ టెలికాం యూనియన్ సిఫారసు. అందువల్ల కాల్స్, వీడియో మీటింగులు మొదటి తరగతి. బిల్లింగ్, చెల్లింపులు, ఈ-వే బిల్లుల వంటి కౌంటర్ పనులు రెండోది. యూపీఐ సౌండ్ బాక్సుల్లో చాలావాటికి సొంత సిమ్ ఉంటుంది గనుక అవి మీ లైను మీద ఆధారపడవు, వైఫై మీద నడిచే స్వైపింగ్ మిషన్ మాత్రం ఆధారపడుతుంది. స్కాన్లు, పెళ్లి ఆల్బమ్ ఫైళ్లు, డిజైన్లు బరువైనవి, అయినా ఐదు నిమిషాలు ఆగినా కొంపలు మునగవు గనుక అవి మూడో తరగతి. బ్యాకప్‌లు, అప్‌డేట్లు, వచ్చిపోయేవారి వైఫై అన్నిటికన్నా చివర.

4. గడియారంతో తీరేవాటిని ముందు తీర్చండి

రూటర్ జోలికి వెళ్లకముందే, పైసా ఖర్చు లేకుండా సగం బరువు దించవచ్చు. క్లౌడ్ బ్యాకప్‌ను రాత్రి పదకొండు తర్వాతికి మార్చండి. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సెట్టింగుల్లో అప్‌లోడ్ వేగానికి హద్దు పెట్టే వీలుంది, దాన్ని వాడండి. విండోస్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్ సెట్టింగ్‌లో, అప్‌డేట్ల ముక్కలను ఇంటర్నెట్‌లోని ఇతర కంప్యూటర్లకు పంపే అవకాశం తెరిచి ఉంటే మూసివేయండి.

అందరూ మరిచిపోయేది సీసీ కెమెరాలు. సెంటర్‌లో ఎనిమిది కెమెరాలున్నాయి, ఒక్కోటి పూర్తి నాణ్యతలో 2 ఎంబీపీఎస్ చొప్పున సెట్ అయి ఉంది. యజమాని మధురవాడలోని ఇంట్లో పదకొండు ప్రాంతంలో ఫోన్ తెరిచి ఎనిమిదింటినీ ఒకేసారి చూసేవారు. అంటే 20లో 16 ఎంబీపీఎస్ ఆయన ఫోనుకే పోయేది, మిగిలిన నాలుగింటిలో స్కాన్లూ బిల్లులూ కొట్టుకునేవి. కెమెరాల రికార్డింగ్ పెట్టె అయిన డీవీఆర్‌లో, రిమోట్ వీక్షణకు సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) ఎంచుకుని ఒక్కోదాన్ని 512 కేబీపీఎస్‌కు తగ్గిస్తే మొత్తం 4 ఎంబీపీఎస్ అయింది. డిస్కులో రికార్డయ్యే బొమ్మ నాణ్యత ఏమీ తగ్గలేదు, ఫోను తెర మీద తేడా ఆయన గమనించనూ లేదు.

5. లైను కన్నా కాస్త తక్కువకు గేటు పెట్టండి

ఇది అసలైన మెట్టు, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. కనెక్షన్‌తోపాటు వచ్చే పెట్టెలో సాధారణంగా ఈ పనికి తగిన సౌకర్యం ఉండదు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే రూటర్ పని మానేసి లైనును మాత్రమే దాటించే స్థితిలోకి, మార్చమని కనెక్షన్ ఇచ్చినవారిని అడిగి, వెనక మీ సొంత రూటర్ పెట్టుకోండి. రూటర్ కొనేటప్పుడు స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్ గానీ, ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ అనే క్యూ పద్ధతులు గానీ ఉన్నాయా అని చూడండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రూటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోగల రూటర్లలోనూ, మైక్రోటిక్ కంపెనీ రూటర్ల సాఫ్ట్‌వేర్ రూటర్‌ఓఎస్ 7లోనూ ఇవి ఉన్నాయి. ఎక్కువ వేగం దగ్గర ఈ పని ప్రాసెసర్‌ను బాగా శ్రమపెడుతుంది కాబట్టి, మీ ప్లాను వేగానికి రూటర్ తట్టుకుంటుందో లేదో కొనకముందే తెలుసుకోండి.

తర్వాత, కొలిచిన వేగంలో 85 నుంచి 90 శాతం వద్ద హద్దు పెట్టండి. ప్లాను కాగితం మీద అంకె కాదు, మీ నోటుపుస్తకంలో రద్దీ వేళ రాసుకున్న అంకె. అప్‌లోడ్ 20 అయితే 18, డౌన్‌లోడ్ 95 అయితే 85. డబ్బు కట్టిన వేగాన్ని చేజేతులా తగ్గించుకోవడమేమిటని అందరూ అడుగుతారు. ఆ రెండు ఎంబీపీఎస్ వదులుకుంటేనే క్యూ ఫైబర్ పెట్టెలో కట్టకుండా మీ రూటర్‌లో కడుతుంది, మీ నియమాలకు లోబడుతుంది. ఈ హద్దు లేకుండా పెట్టిన ప్రాధాన్య నియమాలన్నీ కాగితం పులులే.

చాలా చిన్న ఆఫీసులు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఈ క్యూ పద్ధతులు బరువైన ఫైళ్ల మధ్యనుంచి చిన్న ప్యాకెట్లను వాటంతట అవే ముందుకు వదులుతాయి.

6. నియమాలు రాయవలసివస్తే తక్కువ రాయండి

అప్లికేషన్‌ను గుర్తుపట్టి నియమం పెట్టడం ఆకర్షణీయంగా కనిపిస్తుంది, కానీ ఇప్పుడు వెబ్ ట్రాఫిక్ దాదాపు అంతా ఎన్‌క్రిప్టయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలో, వెళుతుంది గనుక రూటర్ ఊహ తరచూ తప్పుతుంది. పరికరాన్ని బట్టి పెట్టడమే నిలకడైన దారి. కౌంటర్ కంప్యూటర్లకు, స్కాన్ మెషీన్‌కు, డీవీఆర్‌కు రూటర్‌లోని డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే సెట్టింగ్‌తో మారని చిరునామాలు ఇచ్చి, ఆ చిరునామాలను తరగతుల్లో వేయండి. 18 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌ను ఆ సెంటర్‌లో ఇలా పంచాము: కాల్స్‌కు 2, కౌంటర్లకు 4, స్కాన్లకు 8, కెమెరాలతో సహా మిగతావాటికి 3, అతిథుల వైఫైకి 1. ఇవి కనీస హామీలు మాత్రమే, పక్కవారు వాడనప్పుడు ఎవరైనా 18 వరకు వెళ్లవచ్చు, ఒక్క అతిథులకు మాత్రం 3 దగ్గర పైహద్దు. హామీల మొత్తం 18ని మించకూడదు, మించితే ఏ హామీ నిలవదు. అందరికీ ప్రత్యేక దర్శనం టికెట్ ఇచ్చాక అది ఉచిత క్యూయే కదా.

ఇలా ఒకరిని ముందు, ఒకరిని వెనక పెట్టడం తప్పేమోనని ఒక యజమాని సందేహించారు. 2018లో కేంద్ర టెలికాం శాఖ ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ సూత్రాలు, అంటే ఇంటర్నెట్‌లో ఏ సమాచారం పట్లా వివక్ష చూపకూడదన్న నియమాలు, కనెక్షన్ అమ్మే సంస్థలకు వర్తిస్తాయి. మీ ఆఫీసు లోపల మీ లైను ఎలా పంచుకోవాలన్నది మీ ఇష్టం.

7. వైఫై, రెండో లైను

కదలని ప్రతి పరికరానికీ కేబుల్ వేయండి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఒకదానితో ఒకటి తగలని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే, డాబాగార్డెన్స్ వంటి కిక్కిరిసిన చోట ఆ మూడూ ఎప్పుడో నిండిపోయాయి. ఆఫీసు పనికి 5 గిగాహెర్ట్జ్ వాడి, అతిథులకు వేరే పేరుతో వైఫై ఇవ్వండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరాన్ని తాకినప్పుడు కరెంటూ, ఫోన్లూ, నెట్టూ ఒక్కసారిగా పోయిన రోజులు ఇక్కడివారికి గుర్తే. రెండో లైను తీసుకుంటే మొదటిది వచ్చే స్తంభం మీదుగానే వచ్చేది తీసుకోకండి. సిమ్ మీద నడిచే 4జీ లేదా 5జీ రూటర్ మేలు. లైను మారినప్పుడు పాత 18 హద్దు పనికిరాదు కాబట్టి, సిమ్ లైనుకు విడిగా తక్కువ హద్దు పెట్టి, దాని మీద కెమెరాలనూ అతిథులనూ పూర్తిగా ఆపండి. ఫైబర్ పెట్టెనూ, రూటర్‌నూ ఇన్వర్టర్ మీద ఉంచడం మరవకండి.

8. మళ్లీ అదే పరీక్ష చేయండి

రద్దీ వేళ పెద్ద ఫైలు పంపుతూ రెండు పింగ్ కిటికీలూ తెరవండి. స్కానింగ్ సెంటర్‌లో ఇప్పుడు సీటీ వెళుతున్నప్పుడు అంకె 24 నుంచి 40 వరకు వెళ్లి అక్కడే తిరుగుతోంది, స్కాన్ చేరడానికి మునుపటికన్నా అర నిమిషం ఎక్కువ పడుతోంది, బిల్లు మాత్రం ఆగడం లేదు. ప్లాను మారినా, కనెక్షన్ పెట్టె మార్చినా హద్దులు మళ్లీ కొలిచి పెట్టాలి.

ఇంత చేశాక కూడా రూటర్ గ్రాఫ్‌లో అప్‌లోడ్ గీత పని గంటలన్నిటా హద్దును అంటిపెట్టుకునే ఉంటే, అప్పుడు లైను నిజంగా చాలడం లేదు. అప్పుడు కొనవలసినది 200 డౌన్‌లోడ్ కాదు, ఎక్కువ అప్‌లోడ్. డౌన్‌లోడ్‌తో సమానంగా అప్‌లోడ్ ఇచ్చే ప్లాను ఉందా అని అడగండి, అప్‌లోడ్ అంకెనూ, ఎన్ని జీబీలు దాటాక వేగం తగ్గుతుందో ఆ అంకెనూ కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇంటి ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అన్న మాట వెనక నెలకు 3300 జీబీ హద్దు ఉండడం మామూలే, రోజూ స్కాన్లు పంపే చోట దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.