నల్లగొండ ఎండను కొలిచే ముందు

గడియారం సెంటర్‌లో మే నెల మధ్యాహ్నం కొలతలు తీసి, ఒంటికి తగిలే వేడిని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌కి ఇవ్వబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

గాలి ఉష్ణోగ్రత ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వేపచెట్టు కిందికీ, పక్కనున్న తారురోడ్డుకీ థర్మామీటర్‌లో తేడా మహా అయితే ఒకటి రెండు డిగ్రీలు. ఒంటికి తెలిసే తేడా చాలా ఎక్కువ. అదంతా ఎండ, రోడ్డు, గోడల నుంచి వచ్చే సెగ. అందుకే నల్ల గ్లోబ్ థర్మామీటర్ (నల్ల రంగు వేసిన బోలు గోళంలో పెట్టిన థర్మామీటర్) ఉండాల్సిందే. దాన్ని 1.1 మీటర్ల ఎత్తున, అంటే నిలబడ్డ మనిషి పొట్ట దగ్గరికి వచ్చేలా బిగించండి. 150 మి.మీ. గ్లోబ్ కుదురుకోవడానికి 20–30 నిమిషాలు పడుతుంది. పెట్టీ పెట్టగానే రీడింగ్ రాసుకుంటే ఆ పూట శ్రమంతా వృథా (నేనూ ఆ తొందర పడ్డవాణ్ణే).

తేమ సెన్సర్‌కి ఎండ తగలకుండా తెల్ల కవచం.

యూటీసీఐ (గాలి వేడి, సెగ, తేమ, గాలివేగం కలిపి ఒంటికి తెలిసే వేడిని చెప్పే సూచిక) లెక్కకు 10 మీటర్ల ఎత్తులోని గాలివేగం కావాలి. చేతి మీటర్ కింద చూపే అంకెను ఆ ఎత్తుకు మార్చకుండా వేయొద్దు.

గుట్టల పక్క బస్తీ అయితే రాత్రి కూడా కొలవండి. పగలంతా కాగిన బండ పొద్దుగూకినా సెగ కక్కుతూనే ఉంటుంది.

నీళ్లు, ఓఆర్‌ఎస్, తలకు తువ్వాలు మరవొద్దు. ఒంటరిగా వెళ్లొద్దు. ప్రతి రీడింగ్‌తో పాటు అక్కడున్నవాళ్లను "ఎట్లుందవ్వా, ఓర్చుకునేటట్టుందా?" అని అడిగి, జవాబు, టైమ్ పక్కనే రాయండి.