బరంపురంలో వినియోగదారుల చట్టం చదవబోయేవారికి

ఒడిశాలోని బరంపురానికి ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) చదవడానికి వస్తున్నారు కదా, ముందు టెన్షన్ తగ్గించే మాట చెప్తాను. బరంపురంలో తెలుగుతో రోజు గడిచిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. పట్టు నేసే దేవాంగుల వీధుల్లో, బజారులో, ఆటో స్టాండు దగ్గర తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. ఒడియా కలిసిన ఆ యాస మొదట వింతగా ఉంటుంది, తర్వాత మీకూ అంటుకుంటుంది.

అయితే ఆ ధీమాతో ఒడియా నేర్చుకోకుండా కూర్చుంటే చదువు దగ్గరే దెబ్బ తింటారు. వినియోగదారుల కేసంటే కాగితాలే కదా. దుకాణం బిల్లు, రసీదు, చేతిరాత కరారు ఒడియాలో ఉంటే పక్కవాణ్ణి అడిగి చదివించుకోవాలి. మొదటి సెమిస్టర్ అయ్యేలోపు అక్షరాలు, అంకెలు పట్టేయండి. మాట్లాడటం దానంతట అదే వస్తుంది.

యూనివర్సిటీ ఉన్న భంజ విహార్ ఊరికి బయట, గోపాల్‌పూర్ వైపు ఉంటుంది. హాస్టల్ దొరికితే మొదటి ఏడాది అక్కడే ఉండండి. డిసర్టేషన్ (కోర్సు కోసం రాసే పరిశోధన వ్యాసం) పని మొదలయ్యాక ఊళ్లో గది మంచిదని నా అభిప్రాయం. వినియోగదారుల ఫిర్యాదులు విని తేల్చే గంజాం జిల్లా కమిషన్ బరంపురంలోనే ఉంది, దగ్గర్లో ఉంటే వెళ్లాలనిపిస్తుంది. గది అద్దెకు, అడ్వాన్సుకు రసీదు అడిగి తీసుకోండి. వినియోగదారుల చట్టం చదువుతూ రసీదు లేకుండా డబ్బు కట్టానంటే క్లాసులో నవ్వుతారు.

ఇక చదువు. ఎల్‌ఎల్‌ఎంలో వినియోగదారుల చట్టానికి చాలా చోట్ల దక్కేది ఒక పేపరే. లోతు రావాలంటే డిసర్టేషన్‌తోనే రావాలి. సీనియర్ల నోట్సు తీసుకోండి గానీ నమ్మేయకండి. 1986 చట్టం పోయి 2019 చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. 'జిల్లా ఫోరం' అని కనిపించిందంటే అది పాత చట్టం కాలం నాటి నోట్సు. జిల్లా కమిషన్ పరిధి కోటి రూపాయల వరకు అని ఉంటే అదీ పాతదే. 2021 చివర్లో వచ్చిన నిబంధనలతో జిల్లాకు 50 లక్షల దాకా, రాష్ట్రానికి 2 కోట్ల దాకా, ఆపైన జాతీయ కమిషన్‌కు అని మారింది. లెక్క వేసే పద్ధతి కూడా వేరు. వెనకటికి వస్తువు విలువకు అడిగిన పరిహారం కలిపేవారు. ఇప్పుడు కొన్నప్పుడు చెల్లించిన సొమ్మునే చూస్తారు.

ఇలా ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో చదివేవాళ్లకు అసలైన గని 2019 చట్టంలోని 34వ సెక్షన్, ఫిర్యాదు ఎక్కడ వేయాలో చెప్పేది. సోంపేట నుంచి ఒకామె బరంపురం వచ్చి పట్టుచీర కొన్నదనుకుందాం. చీర నాసిరకమని తేలింది. పాత చట్టం కిందైతే ఆమె మామూలుగా దుకాణం ఉన్న గంజాం జిల్లాకే వచ్చి ఫిర్యాదు చేయాలి. ఇప్పుడు తాను ఉండే చోటే, అంటే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. లాయరు లేకుండా తనే వాదించుకోవచ్చు. దుకాణదారుకు జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15. అంతకు మించి గడువు పెంచే అధికారం కమిషన్‌కు లేదని 2020లో హిల్లీ కోల్డ్ స్టోరేజ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఇంతవరకు బాగానే ఉంది. గెలిచాక ఏమిటి? ఉత్తర్వు శ్రీకాకుళంలో, దుకాణమూ దాని ఆస్తీ గంజాంలో. 71వ సెక్షన్ ప్రకారం ఆ ఉత్తర్వును సివిల్ కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవాలి. ఖాతరు చేయనివారికి 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 25 వేల జరిమానా, లేదా రెండూ. రాష్ట్రం దాటిన ఉత్తర్వులు చేతికి డబ్బుగా మారడానికి ఎంత కాలం పడుతోంది, ఎక్కడ ఆగుతున్నాయి అన్నది రెండు జిల్లాల ఉత్తర్వులు పక్కపక్కన పెట్టి చూడదగ్గ డిసర్టేషన్. 'ఈ-కామర్స్ ఒక విమర్శనాత్మక అధ్యయనం' లాంటి శీర్షికలతో అల్మారాలు ఇప్పటికే నిండాయి, దయచేసి ఇంకోటి చేర్చకండి.

ఆస్పత్రులదీ అదే దారి. శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగం నుంచి వైద్యానికి బరంపురం వచ్చేవారు ఎందరో. డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవ కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత తీర్పు చెప్పింది. లాయర్ల సేవ మాత్రం ఈ చట్టం కిందికి రాదని 2024లో సుప్రీంకోర్టు అంది. ఈ రెండూ పక్కపక్కన చదివి మీకేమనిపిస్తుందో రాసి పెట్టుకోండి, వైవాలో అడగొచ్చు.

వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవాడు ఈ చట్టం కింద వినియోగదారుడు కాడు. ఈ 'వ్యాపార ప్రయోజనం' అనే చిక్కుముడికి నేతవీధే మంచి ఉదాహరణ. బతుకుతెరువు కోసం మగ్గం కొని తనే నేసుకునేవాడు వినియోగదారుడే. పది మగ్గాలు పెట్టి కూలీలతో నేయించే షావుకారు సంగతి వేరు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ తీర్పు, అదీ 1995దే, ఈ కళ్లతో చదివితే ఇట్టే ఎక్కుతుంది.

కమిషన్ విచారణలు ఎవరైనా కూర్చుని చూడొచ్చు. ఫోన్ ఆపేసి వెనక బెంచీలో కూర్చోండి. ఫిర్యాదుదారులకు ఉచిత సలహాలు ఇవ్వబోకండి. చట్టం ప్రకారం నోటీసు అందినప్పటి నుంచి మూడు నెలల్లో, వస్తువును ల్యాబులో పరీక్షించాల్సి వస్తే ఐదు నెలల్లో కేసు తేల్చే ప్రయత్నం చేయాలి. మీరు చూసిన కేసుల వాయిదా తేదీలు ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోతే ఈ వాక్యానికి అర్థం పుస్తకాల కంటే బాగా తెలుస్తుంది.

తిండికి ఇబ్బంది లేదు. ఊరి అప్పడాలు, పచ్చళ్లు పేరున్నవి. ఎండాకాలంలో పఖాళ పెడితే వద్దనకండి, మన చద్దన్నమే.

అక్టోబరు మాత్రం తుపాను నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. హెచ్చరిక వస్తే ఇంటికి వెళ్దామని స్టేషన్‌కు పరిగెత్తకండి, రైళ్లు ఆగిపోతే మధ్యలో ఇరుక్కుంటారు. సర్టిఫికెట్లు, డిసర్టేషన్ ప్రతులు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో దాచుకోండి.

రెండేళ్లకోసారి వేసవిలో బుఢీ ఠాకురాణి జాతర వస్తుంది. ఆ రోజుల్లో పాతబస్తీ వైపు సాయంత్రం ఆటోలు కదలవు, రాత్రుళ్లు నిద్ర ఉండదు. గది ఆ పక్కనైతే గైడ్‌కు చూపించాల్సిన అధ్యాయం జాతరకు ముందే ఇచ్చేయండి.