కొత్త లెన్సు కొనే ముందు పాతదానికి ఒక పరీక్ష

మీ లెన్సుకు కొత్త వెర్షన్ వచ్చిందా? పాతదాన్ని అమ్మేయడానికి ముందు ఒక గంట దానికోసం కేటాయించండి.

వార్తాపత్రిక పేజీలను గోడకు చదునుగా అంటించండి. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, స్టెబిలైజేషన్ (వణుకును తగ్గించే సదుపాయం) ఆపి, రెండు సెకన్ల టైమర్ పెట్టి ఫోటో తీయండి. మొదట అపెర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, తర్వాత దాన్ని కాస్త మూసి ఎఫ్/8 దగ్గర. కంప్యూటర్‌లో 100 శాతానికి పెంచి మూలల్లోని అక్షరాలను చూడండి. రెండింటిలోనూ అక్షరాలు తేటగా కనిపిస్తే లెన్సులో లోపం లేనట్టే; మీ ఫోటోలను పాడుచేస్తున్నది చేతి వణుకో, ఫోకస్ తప్పడమో. తెరిచినప్పుడు మాత్రమే మూలలు మసకబారుతున్నాయా? మీరు ఎక్కువగా ప్రకృతి దృశ్యాలను ఎఫ్/8లోనే తీస్తుంటే దానితో ఇబ్బంది లేదు.

టార్చి వేసి లెన్సు లోపలికి కూడా చూడండి. సాలెగూడు దారాల్లాంటి బూజు కనిపిస్తే మాత్రం మార్చడం గురించి ఆలోచించాల్సిందే.

కొత్త వెర్షన్ అంటే కొత్త గాజు అని అనుకోవద్దు. కెనాన్ 2018లో తెచ్చిన 70-200 ఎఫ్/2.8 లెన్సు మూడో వెర్షన్‌లో గాజు అమరిక రెండోదానిదే. ప్రధానంగా మారింది గాజు మీది పూత. ఎదురు వెలుగులో తరచూ తీసేవారికి ఆ పూత ఉపయోగం, మిగతావారికి అంతగా ఉండదు. నికాన్ 50 ఎఫ్/1.8 డి లెన్సు సంగతి వేరు. అందులో మోటారు లేదు కాబట్టి, ఫోకస్ మోటారు లేని కెమెరా బాడీపై ఆటోఫోకస్ పనిచేయదు. అలాంటి బాడీ మీది అయితే లెన్సులోనే మోటారు ఉన్న జి వెర్షన్‌కు మారడం నిజంగా మేలు.