పడవ కరెంటు – మూడో పాఠం: వేటకు తగ్గ లిథియం బ్యాటరీ

గత రెండు పాఠాల్లో పడవలో ఏ పరికరం ఎంత కరెంటు లాగుతుందో చీటీ రాసుకున్నారు, ఏ లోడుకు ఎంత మందం వైరు కావాలో లెక్క కట్టారు. ఆ చీటీ ఇప్పుడు ముందు పెట్టుకోండి.

దుకాణంలోకి వెళ్లగానే ‘ఎన్ని ఏహెచ్ కావాలి?’ అని, అంటే ఎన్ని ఆంపియర్ అవర్ల కరెంటు పట్టే బ్యాటరీ కావాలని, అడుగుతారు. దానికంటే ముందు మీకు మీరు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ బ్యాటరీని ఎక్కడ, దేనితో ఛార్జి చేస్తారు? డబ్బు పోసి కొన్న లిథియం బ్యాటరీ ఏడాది తిరక్కుండానే మొరాయించిందంటే, చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, దాన్ని నింపే పద్ధతిది. కనుక సైజు లెక్క చూసేశాక ఛార్జింగు దగ్గర ఎక్కువసేపు ఆగుదాం.

ముందు రకం తేల్చుకోండి

లిథియం అన్నదల్లా ఒకటే కాదు. పడవకు కావలసింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్‌ఎఫ్‌పీ. దీని ఒక్క సెల్లు 3.2 వోల్టులు. నాలుగింటిని వరసగా కలిపితే 12.8 వోల్టులు. నిండినప్పుడు 14.6, పూర్తిగా ఖాళీ అయితే 10 వోల్టులు. అందుకే 12 వోల్టుల పరికరాలకు ఇది అచ్చంగా సరిపోతుంది.

చాలా విద్యుత్ స్కూటర్లలో ఉండే ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన లిథియం) సెల్లు 3.6 లేదా 3.7 వోల్టులది. మూడు కలిపితే నిండినా 12.6 దాటదు, వాడుతుంటే 11కి జారుతుంది, ఫిష్ ఫైండర్ మధ్యలో ఆగిపోతుంది. నాలుగు కలిపితే 16.8కి ఎక్కుతుంది, వైర్‌లెస్ సెట్టు కాలిపోవచ్చు. పైగా దెబ్బ తగిలినా, ఎక్కువ ఛార్జి అయినా ఎల్‌ఎఫ్‌పీ కంటే తక్కువ వేడికే మంటలు లేస్తాయి. పాత స్కూటర్ ప్యాకులు విప్పి కట్టిన బ్యాటరీలు చవగ్గా దొరుకుతాయి. దిగి పరుగెత్తడానికి చోటులేని పడవలోకి వాటిని దయచేసి ఎక్కించకండి.

ఇంకో పొరపాటు: ఈ-రిక్షా బ్యాటరీలో సాధారణంగా 16 ఎల్‌ఎఫ్‌పీ సెల్లులు వరసలో ఉంటాయి, మొత్తం 51.2 వోల్టులు. అందులో నాలుగు సెల్లుల దగ్గర వైరు తగిలించి 12 వోల్టులు లాగితే ఆ నాలుగే ఖాళీ అవుతాయి, మిగతా పన్నెండు నిండుగా ఉంటాయి. తర్వాత ఛార్జి పెట్టినప్పుడు నిండుగా ఉన్నవి హద్దు దాటుతాయి, బ్యాటరీ లోపలి కాపలా సర్క్యూట్ బీఎంఎస్ ఛార్జింగు ఆపేస్తుంది, ఖాళీ అయిన నాలుగూ ఎప్పటికీ నిండవు.

సైజు లెక్క

నమూనాగా 9 మీటర్ల ఫైబర్ బోటు తీసుకుందాం. సాయంత్రం బయల్దేరి తెల్లారి ఒడ్డుకు చేరే 14 గంటల వేట.

ఫిష్ ఫైండర్, జీపీఎస్ కలిసిన 7 అంగుళాల సెట్టు: 12 వాట్లు × 10 గంటలు = 120 వాట్ అవర్లు.
25 వాట్ల వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్టు: వింటున్నంతసేపూ 0.4 ఆంపియర్లు, మాట్లాడేటప్పుడు 5.5. పద్నాలుగు గంటలు విని, మొత్తం 20 నిమిషాలు మాట్లాడితే దాదాపు 95.
దారి దీపాలు మూడు, కలిపి 6 వాట్లు × 11 గంటలు = 66.
వల లాగేటప్పుడు వేసే లైట్లు రెండు, కలిపి 24 వాట్లు × 5 గంటలు = 120.
ట్రాన్స్‌పాండర్ (పడవ ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు తెలిపే పెట్టె) 5 వాట్లు × 14 గంటలు = 70.
అడుగునీళ్ల పంపు 38 వాట్లు × అరగంట = 19.
మూడు ఫోన్లు = 45.

మొత్తం 535 వాట్ అవర్లు. దీన్ని 12.8తో భాగిస్తే సుమారు 42 ఏహెచ్.

ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను 2024 నుంచి తీర రాష్ట్రాల పడవలకు దశలవారీగా బిగిస్తున్నారు. పైన వేసిన 5 వాట్లు నమూనాకు వేసిన అంకె మాత్రమే. మీ పెట్టె మీద రాసి ఉన్నదే మీ చీటీలోకి ఎక్కించండి. చేపల్ని రప్పించే పెద్ద ఎల్‌ఈడీ దీపాలను మాత్రం లెక్కలోకి తేవద్దు. దేశ జలాల్లో ఆ వేటను కేంద్రం 2017లోనే నిషేధించింది.

ఇప్పుడు 42కు పావు వంతు అదనం కలపండి: గాలి తిరిగి ఒడ్డు చేరడం ఆలస్యమైన రోజుకు అది అక్కరకొస్తుంది. 52 అయింది. బ్యాటరీలో 80 శాతమే వాడాలనుకుంటే 52 ÷ 0.8 = 65. కొన్నేళ్లకు బ్యాటరీ సత్తా 80 శాతానికి దిగినా పని నడవాలంటే 65 ÷ 0.8 = 81. బజారులో దీనికి పైన సులువుగా దొరికే సైజు 100 ఏహెచ్. అదే కొనండి.

ఇదే పనికి లెడ్ యాసిడ్ కొంటే సగానికి మించి వాడకూడదు కాబట్టి 130 దాకా లెక్క తేలుతుంది, 150 ఏహెచ్ బ్యాటరీ పెట్టాలి. అది 40 కిలోలు దాటుతుంది. 100 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ 10 నుంచి 13 కిలోలు.

బీఎంఎస్ ఎంత మోయగలదు

బ్యాటరీ లోపల ఉండే బీఎంఎస్ అనే సర్క్యూట్ ప్రతి సెల్లునూ కాపలా కాస్తుంది. ఏ ఒక్కటి 2.5 వోల్టులకు దిగినా, 3.65 దాటి పైకి పోతున్నా, వేడి మితిమీరినా లైను కోసేస్తుంది. పై నమూనాలో అన్నీ ఒకేసారి వేసినా 15 ఆంపియర్లు దాటదు, 50 ఆంపియర్ల బీఎంఎస్ చాలు.

ఇంజిను సెల్ఫ్ మాత్రం ఈ బ్యాటరీ మీద వేయకండి. సెల్ఫ్ తిరిగే మొదటి క్షణంలో వందల ఆంపియర్లు లాగుతుంది, బీఎంఎస్ దాన్ని షార్టు అనుకుని కోసేస్తుంది. ఇంజిను తిరగకపోవడం అటుంచి, అదే క్షణంలో వైర్‌లెస్ కూడా ఆరిపోతుంది. సెల్ఫ్‌కు పాత లెడ్ యాసిడ్ బ్యాటరీనే విడిగా ఉంచండి. ఆ రెంటినీ నేరుగా సమాంతరంగా కలపవద్దు. నిండిన ఎల్‌ఎఫ్‌పీ 13.3 దగ్గర నిలబడితే లెడ్ యాసిడ్ 12.7 దగ్గర నిలబడుతుంది. రెంటి మధ్యా కరెంటు కారుతూనే ఉంటుంది.

ఛార్జింగు: అసలు పాఠం ఇక్కడుంది

ఒడ్డున ఇంటి కరెంటుతో నింపేవాళ్లకు పని తేలిక. ఎల్‌ఎఫ్‌పీ కోసమే చేసిన 14.6 వోల్టుల ఛార్జరు కొనండి. 20 ఆంపియర్లదైతే రాత్రి ఖర్చయిన 42 ఏహెచ్ రెండు, రెండున్నర గంటల్లో తిరిగి వస్తుంది. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జరు వాడొచ్చా అంటే, దాని ‘ఈక్వలైజ్’ దశ (లెడ్ యాసిడ్ సెల్లులను సమం చేయడానికి ఎక్కువ వోల్టేజి ఇచ్చే దశ) ఆపడానికి వీలుంటే తప్ప వాడొద్దు. ఆ దశలో వోల్టేజి 15 దాటుతుంది, బీఎంఎస్ పదే పదే కోస్తుంది. ఇంకో తంటా: బ్యాటరీ బాగా ఖాళీ అయి బీఎంఎస్ కోసేస్తే టెర్మినళ్ల దగ్గర సున్నా వోల్టులు కనిపిస్తాయి. మామూలు ఛార్జరు ‘ఇక్కడ బ్యాటరీయే లేదు’ అనుకుని మొదలుపెట్టదు. చచ్చిపోయిందని పారేయకండి, లిథియంను మేల్కొలిపే సదుపాయం ఉన్న ఛార్జరు పెట్టి చూడండి.

ఇంజిను డైనమోతో నింపేవాళ్లు జాగ్రత్తగా చదవండి. లెడ్ యాసిడ్ నిండేకొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గించుకుంటుంది, డైనమోకు ఊపిరి ఆడుతుంది. ఎల్‌ఎఫ్‌పీ లోపలి నిరోధం చాలా తక్కువ, దాదాపు నిండేవరకూ ఇచ్చినంతా మింగుతుంది. 35 ఆంపియర్ల డైనమో గంటల తరబడి 35 ఇస్తూ కూర్చుంటే దాని చుట్ట వేడెక్కి కాలుతుంది. రెండో ప్రమాదం ఇంకా చెడ్డది. డైనమో జోరుగా ఇస్తున్నప్పుడు బీఎంఎస్ టక్కున కోసేస్తే, పోయే చోటులేని కరెంటు వల్ల వోల్టేజి ఒక్కసారి ఎగిరిపడుతుంది. డైనమో డయోడ్లు పోతాయి, అదే లైను మీద ఉన్న ఫిష్ ఫైండర్ కూడా పోవచ్చు.

రెంటికీ మందు ఒకటే: మధ్యలో డీసీ-డీసీ ఛార్జరు. డైనమో తన లెడ్ యాసిడ్ బ్యాటరీనే నింపుతుంది, అక్కడి నుంచి డీసీ-డీసీ ఛార్జరు కొలిచి కొలిచి లిథియంకు అందిస్తుంది. దాని సైజు డైనమో రేటింగులో సగానికి మించకూడదు. 35 ఆంపియర్ల డైనమోకు 15 చాలు. చిన్న ఔట్‌బోర్డు ఇంజిన్లలో ఛార్జింగు కాయిల్ ఇచ్చేది 6 నుంచి 12 ఆంపియర్లే. అలాంటి ఇంజినుతో రాత్రంతా వాడిన బ్యాటరీ దారిలో నిండుతుందని ఆశపెట్టుకోవద్దు.

సోలార్ సంగతి కొద్దిగా. మన తీరంలో 100 వాట్ల పలక మంచి ఎండరోజున 350 వాట్ అవర్లు ఇస్తే బాగా ఇచ్చినట్టే. ఉప్పు పొర పట్టితే అదీ తగ్గుతుంది, రోజూ మంచినీళ్లతో తుడవండి. పలకకూ బ్యాటరీకీ మధ్య ఉండే ఎంపీపీటీ ఛార్జి కంట్రోలర్‌లో నిండు వోల్టేజి 14.2 నుంచి 14.4, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజి) 13.5 పెట్టండి. ఈక్వలైజ్, వేడిని బట్టి వోల్టేజి మార్చే అమరిక, రెండూ ఆపేయండి.

కొనేటప్పుడు చేతితో, కాటాతో, కంటితో

లేబుల్ మీద ఏహెచ్ పక్కనే వాట్ అవర్లు చూడండి. 100 ఏహెచ్, 12.8 వోల్టులంటే 1280 ఉండాలి. 320 అనో 400 అనో ఉంటే సెల్లుల ఏహెచ్ అన్నీ కూడి చూపించారన్నమాట, అది నిజానికి 25, 30 ఏహెచ్ బ్యాటరీ. తర్వాత కాటా మీద పెట్టండి. 100 ఏహెచ్ సెల్లు ఒక్కోటి సుమారు 2 కిలోలు, నాలుగు సెల్లులే 8 కిలోలు. పెట్టె మొత్తం 7 కిలోలే తూగితే లోపల 100 లేదు.

ఐపీ67 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకున్నదని అర్థం. ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు, ఉప్పు తుప్పును అది కొలవదు. కనుక ఐపీ67 ఉన్నా బ్యాటరీని పడవ అడుగున నీళ్లు చేరే చోట పెట్టొద్దు. రవాణా పరీక్ష యూఎన్ 38.3, భద్రతా పరీక్ష ఐఈసీ 62619 కాగితాలు అడగండి. చూపించలేని దుకాణంలో బేరం ఆపేయండి.

ఇంటికి తెచ్చాక, సముద్రంలోకి తీసుకెళ్లకముందే సత్తా కొలవాలి. ఇది ఎవరూ చేయరు, అందరూ చేయాలి. పూర్తిగా ఛార్జి చేసి గంట వదిలేయండి. ఏహెచ్ చూపించే డీసీ వాట్ మీటరు మధ్యలో పెట్టి, 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బులు రెండు తగిలించండి. దాదాపు 9 ఆంపియర్లు పోతుంది. వోల్టేజి 11కి దిగేవరకూ, అంటే పదిన్నర, పదకొండు గంటలు పడుతుంది. పక్కనే ఉండండి, బల్బులు బాగా వేడెక్కుతాయి. మీటరులో 95 ఏహెచ్ పైన వస్తే సరుకు నిజం. 80 వస్తే వారంటీ కాగితంతో ఆ రోజే వెనక్కి తీసుకెళ్లండి.

ఆ మీటరునే, లేదా షంట్ (కరెంటు కొలిచే చిన్న నిరోధం) ఉన్న బ్యాటరీ మానిటరును, పడవలో కూడా శాశ్వతంగా బిగించండి. లెడ్ యాసిడ్‌కు వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పేవాళ్లు. ఎల్‌ఎఫ్‌పీకి ఆ చూపు పనికిరాదు. 90 శాతం దగ్గర 13.3 ఉంటే 30 శాతం దగ్గర 13.0 ఉంటుంది. అరవై శాతం సరుకు 0.3 వోల్టులో దాక్కుంటుంది. 12.8కి దిగిందని గమనించేసరికి మిగిలేది అయిదో వంతే.

ఫ్యూజు, లగ్గులు

ఎల్‌ఎఫ్‌పీ షార్టయితే వేల ఆంపియర్లు ఒక్కసారిగా వస్తాయి. మామూలు గాజు ఫ్యూజు తెగినా లోపల మెరుపు ఆగదు. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ మీదే బిగించే ఎంఆర్‌బీఎఫ్ ఫ్యూజు 10,000 ఆంపియర్ల షార్టును కూడా ఆపగలదు. పై నమూనాకు 50 ఆంపియర్లది చాలు. మెయిన్ వైరు 10 చదరపు మిల్లీమీటర్లు, తగరం పూత ఉన్న రాగి.

లగ్గు, అంటే వైరు చివర నొక్కే లోహపు కొన, నేరుగా టెర్మినల్ లోహానికి ఆనాలి. స్టీలు వాషరు లగ్గుకు పైన ఉండాలి. లగ్గుకూ టెర్మినల్‌కూ మధ్య పెడితే అక్కడే వేడెక్కి పెట్టె కరుగుతుంది. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి, బిగించకముందు కాదు.

వేట నిషేధం రోజుల్లో

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు పడవ ఒడ్డునే ఉంటుంది. బ్యాటరీని సగం, ఆ పైన కాస్త ఛార్జితో ఇంట్లో నీడపట్టున పెట్టి, రెండు టెర్మినళ్లూ విప్పేయండి. బ్లూటూత్ ఉన్న బీఎంఎస్ 20 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకోండి, 61 రోజులకు 29 ఏహెచ్ అయింది. చివరి వేట నుంచి వచ్చి పది శాతంతో అలాగే వదిలేసిన బ్యాటరీ జూన్‌లో లేవదు. సెల్లులు 2.5 వోల్టుల కిందికి బాగా పోయి చాలాకాలం ఉంటే లోపలి రాగి కరిగి మళ్లీ పేరుకుంటుంది. వాటిని బలవంతంగా నింపితే లోపల షార్టు అయ్యే ప్రమాదం ఉంది. నిండుగా పెట్టడం కూడా మంచిది కాదు, ఎండాకాలం వేడిలో వయసు త్వరగా తరుగుతుంది.

అభ్యాసం

ఇదే పడవ ఒడ్డుకు రాకుండా రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు వేటాడాలి. పైన 100 వాట్ల పలక ఉంది. పగలు ఫిష్ ఫైండర్, వైర్‌లెస్, ట్రాన్స్‌పాండర్ కలిపి 220 వాట్ అవర్లు ఖర్చు. 100 ఏహెచ్ చాలుతుందా?

చూడండి: మొదటి రాత్రి 42 పోయింది. పగలు 350 వచ్చి 220 పోతే 130 వాట్ అవర్లు, అంటే 10 ఏహెచ్ వెనక్కొచ్చింది. రెండో రాత్రి మళ్లీ 42. మొత్తం లోటు 74. వాడదగింది 80. కొత్త బ్యాటరీతో, మబ్బు పట్టకపోతే, అంచు మీద గడుస్తుంది. పావు వంతు అదనం మిగల్లేదు, పాతబడితే అసలు చాలదు. ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి రెండు 100 ఏహెచ్ బ్యాటరీలు కావాలి. విడివిడిగా పూర్తిగా నింపాకే సమాంతరంగా కలపాలి. ప్లస్ వైరు ఒకదాని నుంచి, మైనస్ రెండోదాని నుంచి తీయాలి, అప్పుడే రెండూ సమానంగా అరుగుతాయి.

నాలుగో పాఠం బిగింపు మీద. 10 మిల్లీమీటర్ల రబ్బరు పలక, రెండు పట్టీ బెల్టులు, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె, లగ్గులు నొక్కే పనిముట్టు సిద్ధం చేసుకోండి. ఈలోగా మీ చీటీలోని అంకెలతో పై లెక్క మొదటి నుంచీ ఒకసారి వేయండి.