వైజాగ్‌ని ఒక రోజులో కారులో చూడాలంటే: ముందు హార్బరు, తర్వాతే బీచ్

మా ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా జరిగేది ఒకటే. ఎవరో ఒక కారు మాట్లాడతారు, డ్రైవరు కైలాసగిరి ఎక్కిస్తాడు, రుషికొండలో దింపుతాడు, సబ్‌మెరైన్ ముందు ఫొటో, చీకటి పడేసరికి ఇల్లు. వైజాగ్ చూసేశాం అంటారు. హార్బరు చూశారా అంటే అదెటువైపు అని నన్నే అడుగుతారు. ఈ ఊరు ఇంత పెద్దదైందే ఆ హార్బరు వల్ల, దాన్ని చూడకుండా రైలెక్కేస్తుంటే నాకు మనసొప్పదు. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా కారు నేనే మాట్లాడుతున్నాను, రూటు కూడా నేనే రాసిస్తున్నాను. అదే ఇక్కడ పెడుతున్నా.

మొదట కారు సంగతి. టూరు బస్సు చవకే, కానీ అందులో టైము మన చేతిలో ఉండదు, ఒకచోట ఇరవై నిమిషాలంటే ఇరవయ్యే. సొంతంగా కారు మాట్లాడుకుంటే నచ్చినచోట గంట కూర్చోవచ్చు, నచ్చకపోతే దిగకుండానే ముందుకు పోవచ్చు, పెద్దవాళ్లకి ఎక్కడ కావాలంటే అక్కడ ఆపించొచ్చు. మామూలుగా లోకల్ ట్రిప్పుకి 8 గంటలు, 80 కిలోమీటర్లు అని ప్యాకేజీ చెప్తారు. అక్కడితో సరే అనేయకండి. 80 దాటితే కిలోమీటరుకి ఎంత, 8 గంటలు దాటితే గంటకి ఎంత, పార్కింగులు ఎవరివి, డ్రైవరు బత్తా ఇందులో కలిసిందా, మీటరు మీరు ఎక్కినచోట నుంచా, షెడ్డు నుంచా. ఈ చివరిది చాలామంది అడగరు. బండి షెడ్డు నుంచి మీ హోటలుకి వచ్చిన దూరం, మళ్లీ షెడ్డుకి వెళ్లే దూరం కూడా కలిపి బిల్లేసేవాళ్లున్నారు, సాయంత్రం ఆ లెక్క చూసి గొడవపడే బదులు పొద్దున్నే తేల్చుకోవడం మంచిది. చెప్పిందంతా వాట్సాప్‌లో మెసేజ్‌గా పంపించమనండి. పసుపు నంబరు ప్లేటున్న బండే తీసుకోండి, తెల్ల ప్లేటు బండిని కిరాయికి తిప్పడానికి పర్మిట్ ఉండదు, దారిలో ఆపితే మీ రోజు పోతుంది.

డ్రైవరు వేరు, గైడు వేరు. ప్యాకేజీలో గైడు ఉన్నాడు అంటే చాలాసార్లు డ్రైవరే నాలుగు మాటలు చెప్తాడని అర్థం. అది తప్పేం కాదు, ఊరు తెలిసిన డ్రైవరు మంచి గైడు కంటే తక్కువేం కాదు, కానీ ఏది కొంటున్నారో తెలిసి కొనండి. విడిగా గైడుని పెట్టుకుంటే టూరిజం శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు చూపించమనండి, ఏ భాషలో చెప్తారో కనుక్కోండి, కారులో ఆయనకీ ఒక సీటు కావాలని గుర్తుంచుకోండి. ఐదుగురు వెళ్తూ చిన్న కారు మాట్లాడి గైడు వచ్చాక ఇరుక్కుని కూర్చున్నవాళ్లని చూశాను.

డ్రైవరుకి ఊరు ఎంత తెలుసో ఫోన్లోనే తెలిసిపోతుంది. హార్బరు పక్కన చర్చి ఉన్న కొండ రాస్ హిల్ గురించి నేను అడిగేది ఒక్కటే: "పొద్దున్నే రాస్ హిల్‌కి తీసుకెళ్తారా?" ఒకతను "అక్కడేముందండీ చూడ్డానికి, టైం వేస్టు" అన్నాడు. ఇంకొకతను "కొండగుడి కదండీ, ఎండెక్కకముందే పోదాం, అదృష్టముంటే షిప్పు లోపలికొచ్చేది కనిపిస్తుంది" అన్నాడు. ఆ రెండో అతనితోనే మూడేళ్లుగా మా చుట్టాలందరూ తిరుగుతున్నారు.

బయల్దేరేది ఆరింటికి. పొద్దున్నే అంత తొందరేంటని ఇంట్లో అంటారు, అన్నా సరే లేపండి. మొదట ఫిషింగ్ హార్బరు. రాత్రంతా సముద్రంలో ఉన్న బోట్లు సరుకు దించుతుంటాయి, నేల మీద కుప్పలు కుప్పలుగా చేపలు, ఒక్కో కుప్ప దగ్గర వేలం పాట. పాట పాడే మనిషి ఎంత వేగంగా చెప్తాడంటే అంకె మన చెవిన పడేలోపు రెండు రేట్లు దాటిపోతాయి, కొనే ఆడవాళ్లు మాట్లాడరు, చిన్నగా తల ఊపుతారు, అంతే, కుప్ప వాళ్ల గంపలోకి వెళ్లిపోతుంది. వంజరాలు, చందువాలు, కవళ్లు, రొయ్యలు, పీతలు. పక్కనే ఐసు కొట్టే చప్పుడు. కింద తడి, జారుతుంది, పట్టుచీరలు, కొత్త చెప్పులు ఇక్కడికొద్దు. వాళ్లది బతుకుతెరువు, దారికి అడ్డంగా నిలబడకండి, ఫొటో తీసేముందు ఒకమాట అడగండి, ఎవరూ కాదనరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం, ఆ రోజుల్లో మరబోట్లన్నీ ఒడ్డునే కట్టేసి ఉంటాయి. ఈ పాట చూడాలంటే ఆ రెండు నెలలు తప్పించి రండి.

అక్కడ నుంచి వన్‌టౌన్, అంటే పాత ఊరు. టిఫిను ఇక్కడే ఎక్కడైనా కానిచ్చేసి రాస్ హిల్ దగ్గరికి వెళ్లండి. బండి ఎంతవరకు పోతే అంతవరకు పోయి మిగతాది నడవండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నెమ్మదిగా ఎక్కాలి. ఇక్కడ మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి, రాస్ హిల్ మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. రాస్ అనే దొర 19వ శతాబ్దంలో ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అదే ప్రార్థనా స్థలమైంది, ఆ పేరే కొండకి మిగిలింది. పైకెళ్లాక నీళ్ల వైపు తిరిగి నిలబడండి. ఎదురుగా డాల్ఫిన్ నోస్, మనవాళ్లు యారాడ కొండ అనేది దాన్నే. ఆ కొండకీ మీరున్న కొండకీ మధ్య సన్నటి నీటిదారి. హార్బరులోకి వెళ్లే ఓడలన్నీ ఆ దారిలోనే పోవాలి.

మేం పెద్దమ్మని తీసుకెళ్లిన రోజు బొగ్గు ఓడ ఒకటి వస్తోంది. దూరంగా ఉన్నంతసేపు అది కదులుతున్నట్టే లేదు. దారి మొదట్లోకి వచ్చేసరికి ముందొకటి, వెనకొకటి టగ్గులు, అంటే ఓడల్ని లాగే చిన్న పడవలు, ఓడ ముందు అవి పిల్లల బొమ్మల్లా ఉన్నాయి, కానీ అంత ఓడనీ అవే సర్దుతున్నాయి. కింద ఇళ్ల డాబాల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి, ఆ బట్టల వెనక నుంచి ఓడ గోడ జరుగుతూ పోతోంది, డెక్కు మీద హెల్మెట్ పెట్టుకున్న మనిషి కూడా కనిపిస్తున్నాడు. వరంగల్‌లో పుట్టి పెరిగిన మా పెద్దమ్మ, "అరే, ఇంత పెద్దది ఇండ్ల నడుమ నుంచి పోతుందిరా" అని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. నలభై నిమిషాలు లేవలేదు. సొంత కారు మాట్లాడుకునేది ఇలాంటి నలభై నిమిషాల కోసమే. పొద్దుటిపూట రమ్మనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అప్పుడు సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు, లోపలి హార్బరు వైపు తిరిగితే మన వెనక, హార్బరు మీద వెలుగు చక్కగా పడుతుంది, సాయంత్రం వస్తే ఎండ సూటిగా కళ్లలోకి కొడుతుంది.

గైడు ఉంటే ఈ కథ ఇక్కడే చెప్పించుకోండి, లేకపోతే మీరే పిల్లలకి చెప్పండి. ఈ లోపలి హార్బరు ఒకప్పుడు బురద, ఉప్పునీటి పర్ర. దాన్ని తవ్వి పోర్టు చేశారు, మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం రైలులో తెచ్చి ఓడకెక్కించడం అప్పటి ముఖ్య ఉద్దేశం. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా వచ్చింది, ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. పోర్టుకి అవతల సింధియా అని ఏరియా ఉంది చూశారా, ఆ పేరు సింధియా నౌకా కంపెనీది. ఆ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన వాల్‌చంద్ హీరాచంద్ 1941లో పెట్టిన షిప్‌యార్డే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1948 మార్చిలో, ఇక్కడ కట్టిన జల ఉష అనే ఓడని నెహ్రూ నీళ్లలోకి దించాడు. ఇవి తెలిసి చూస్తే ఆ క్రేన్లు వేరేగా కనిపిస్తాయి.

ఒక జాగ్రత్త. తూర్పు నౌకాదళం కేంద్రం ఈ ఊరే. నేవీ గేట్లు, గోడలు, బోర్డు పెట్టిన చోట్ల ఫోన్ బయటికి తీయకండి, డ్రోన్ అసలు తేకండి.

దిగి వచ్చేటప్పుడు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకోవచ్చు. గర్భగుడికి కప్పుండదు, అమ్మవారు ఆకాశం కిందే ఉంటారు, ఎవరైనా తమ చేతులతోనే పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. మార్గశిర మాసంలో గురువారం అయితే మాత్రం కారుతో ఈ ఏరియాలోకే రావద్దు, ఇరుకు సందులు, జనం, గంటలు పోతాయి.

ఎండ ముదిరే వేళకి బీచ్ రోడ్డు మీద విశాఖ మ్యూజియం పెట్టుకోండి. పాత డచ్ బంగళా, లోపల నీడ. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసిన బాంబుల్లో ఒకటి ఇక్కడ ఉంచారు. హార్బరు ఉండబట్టే ఆ బాంబులు పడ్డాయి, పొద్దున చూసినదానికీ దీనికీ సంబంధం పిల్లలకే తట్టేస్తుంది. సబ్‌మెరైన్‌ని ఇప్పుడు వదిలేయండి, అది సాయంత్రానికి.

భోజనం అయ్యాక ఉత్తరం వైపు, భీమిలి రోడ్డు. ఈ దారిలో ప్యాకేజీవాళ్లు పది పాయింట్లు చెప్తారు, నేనైతే రెండే గట్టిగా చూడమంటాను. ఒకటి తొట్లకొండ. కొండ రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. 1970ల్లో నేవీ సర్వేలో బయటపడింది, తర్వాత తవ్వితే రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం. పైన చెట్టు కింద నిలబడితే కింద సముద్రం, ఇక్కడ కూర్చున్న భిక్షువులు కూడా పడవలు వచ్చిపోవడం చూసే ఉంటారనిపిస్తుంది నాకు. నీళ్లు కారులోంచి తీసుకెళ్లండి. రెండోది ఎర్రమట్టి దిబ్బలు. జియలాజికల్ సర్వే గుర్తించిన భూవారసత్వ స్థలం, ఇలాంటివి దక్షిణాసియాలోనే కొద్దిచోట్ల ఉన్నాయి, తమిళనాడులో కొన్ని, శ్రీలంకలో కొన్ని. ఆ అంచులు ఇసుకే, రాయి కాదు. జారుడుబల్లలా జారితే తెగిపోతాయి, ఒకసారి తెగితే మళ్లీ కట్టేవాళ్లు లేరు. దయచేసి పిల్లల్ని అంచుల మీదికి ఎక్కనివ్వకండి, సీసాలో మట్టి నింపి తేకండి. టైం మిగిలితే భీమిలి దాకా వెళ్లి గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు, డచ్చివాళ్ల సమాధులు చూసి రావచ్చు, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు అది. మిగలకపోతే బాధపడొద్దు. రుషికొండ దారిలోనే ఉంది, స్నానం చేయాలంటే అక్కడే, లైఫ్‌గార్డు చూపించిన హద్దులో. ఆర్కే బీచ్‌లో మాత్రం నీళ్లలోకి వద్దు, అక్కడ అలల లాగుడు బాగా ఎక్కువ, ఏటా మనుషులు పోతున్నారు.

మధ్యలో డ్రైవరు "ఐదు నిమిషాలు చూసి వచ్చేయండి, కొనక్కర్లేదు" అని ఏదైనా షాపు ముందు ఆపితే, దిగకుండానే "వద్దు బాబూ, పోనివ్వు" అనండి. మా చుట్టాల మొదటి ట్రిప్పులో ఇలా మూడు షాపులు తిప్పారు, ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లేసరికి చీకటి పడింది, ఏమీ కనిపించలేదు. షాపింగు కావాలంటే పొద్దున్నే చెప్పండి, వద్దంటే కూడా పొద్దున్నే చెప్పండి.

తిరుగుదారిలో సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందు కైలాసగిరి. ఇప్పుడు ఎండ పడమటి నుంచి వస్తుంది, ఒడ్డు వంపు తిరిగి డాల్ఫిన్ నోస్ దాకా మొత్తం కనిపిస్తుంది. చీకటి పడుతుంటే హార్బరులో చోటు కోసం సముద్రంలో ఆగి ఉన్న ఓడలు ఒక్కొక్కటే లైట్లు వేసుకుంటాయి, పొద్దున రాస్ హిల్ చూసినవాళ్లకి అవి ఎటు వెళ్లాలో తెలుసు, మా పెద్దమ్మ వేలు పెట్టి దారి చూపించింది.

చివర్లో ఆర్కే బీచ్‌లో ఆ సబ్‌మెరైన్, ఐఎన్ఎస్ కురుసుర. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి 2002లో మ్యూజియం అయింది. సోమవారం సెలవు, కాబట్టి మీ ట్రిప్పు సోమవారం పెట్టుకోకండి. మిగతా రోజుల టైమింగ్స్ మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి. లోపల వివరించేది నేవీ నుంచి రిటైరైనవాళ్లు, వాళ్ల దగ్గర అడిగినంత తెలుసుకోవచ్చు, మీ గైడు బయట ఆగినా పర్వాలేదు. గదికీ గదికీ మధ్య గుండ్రటి చిన్న ద్వారాలు, వంగి కాలెత్తి దాటాలి, మోకాళ్లు పట్టేసేవాళ్లని, ఇరుకు అంటే ఊపిరాడనివాళ్లని బలవంతం చేయకండి. రోడ్డుకి ఇవతల మ్యూజియంగా పెట్టిన నేవీ పాత విమానం టీయూ 142 వాళ్లకి కాస్త నయం, లేదంటే ఇసుకలో కూర్చోబెట్టి మురీ మిక్చర్ చేతికివ్వండి.

యారాడ బీచ్, సింహాచలం ఇదే రోజులో ఇరికించకండి. రెండూ వేరే దిక్కులు, యారాడకి పోర్టు, సింధియా చుట్టి కొండ దాటాలి. ఇంకో పూట ఉంటే దానికే కారు మాట్లాడుకోండి.

పొద్దున ఎక్కగానే మీటరు ఫొటో ఒకటి తీసుకోండి, దిగేటప్పుడు ఇంకోటి తీసి రెండూ డ్రైవరుకి చూపించి లెక్క అక్కడే తేల్చేయండి. అతను మధ్యాహ్నం తిన్నాడో లేదో భోజనానికి ఆగినప్పుడే అడగండి, సాయంత్రం కాదు. బాగా తిప్పాడనిపిస్తే బిల్లుతో కలపకుండా ఇవ్వాలనుకున్నది విడిగా చేతిలో పెట్టండి, నంబరు దాచుకోండి, మీ తర్వాత వచ్చే చుట్టాలకి పనికొస్తుంది.